శాశ్వతంగా వలస వెళ్లినవాడి వాంగ్మూలం

నేను తిరుపతిలో లేనట.

బైరాగిపట్టెడలో ముప్పై రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఒకే కుళాయి, ఒకే మురుగు కాలువ, ఒకే పాలవాడు. అలాంటి నేను ఈ ఊరు విడిచి వెళ్లిపోయానన్న సంగతి ప్రభుత్వానికి ముందు తెలిసి, నాకు ఆలస్యంగా తెలిసింది. ఓటర్ల జాబితాలో పేరుందో లేదో చూసుకో తాతా అని మనవడు ఫోను చేతికిస్తే చూశాను. లేదు. ఆరా తీస్తే కారణం తేలింది: 'శాశ్వతంగా వలస వెళ్లారు.' ఎక్కడికి వెళ్లానో మాత్రం రాయలేదు. రాసి ఉంటే ఆ ఊరికే వెళ్లి నా ఓటు ఇప్పించమని అడిగేవాణ్ణి.

మా ఆవిడ పేరు మాత్రం భద్రంగా ఉంది. అదే ఇంటి నంబరు. ఆమె పేరు కింద 'భర్త' అన్నచోట నా పేరు ఒక్క అచ్చు తప్పు లేకుండా ఉంది. అంటే ఆ ఇంట్లో నేను భర్తగా ఉన్నాను, పౌరుడిగా లేను. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికల కోసం జాబితాలు రాసినప్పుడు, సొంత పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యను, ఫలానావాడి తల్లిని అని చెప్పుకున్నందుకు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాకు ఎక్కలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికి ఇన్నేళ్ల తరువాత నన్ను ఎంచుకున్నట్టున్నారు. ఇప్పుడు నేను ఫలానా ఆవిడ భర్తను. ఇంత న్యాయమైన తీర్పు తాను ఈ మధ్య వినలేదని మా ఆవిడ అంటోంది.

జరిగింది ఇది. తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాల కొరత ఉండదు. మదనపల్లె నుంచి మా బావమరిది సకుటుంబంగా దిగాడు. వాళ్లను కొండకు తీసుకువెళ్లడం ఈ ఊళ్లో అల్లుడికైనా మామకైనా తప్పని పన్ను. ఇంటికి తాళం వేసి అందరం సర్వదర్శనం క్యూలో చేరాం. కంపార్ట్‌మెంట్లో కూర్చున్నాం, లేచాం, మళ్లీ కూర్చున్నాం, ఒక రాత్రి అక్కడే తెల్లవారింది. సరిగ్గా ఆ రోజే బూత్ అధికారి మా వీధికి వచ్చారు. తాళం చూశారు. పక్కింటాయనను అడిగారు. ఆయన మితభాషి. "ఊళ్లో లేరు" అన్నారు. ఆ రెండు మాటల్లో 'ఇవాళ' అన్న మూడో మాట కలిపి ఉంటే నా పౌరసత్వం కాస్త గౌరవంగా మిగిలి ఉండేది.

మీరు గమనించారో లేదో, తిరుమల తిరుపతి శాసనసభ నియోజకవర్గంలోనే ఉంది. కొండ మీద కూడా పోలింగ్ కేంద్రాలున్నాయి. అంటే నేను వలస వెళ్లడం మాట అటుంచండి, నియోజకవర్గం గడప కూడా దాటలేదు. ఉన్న నియోజకవర్గంలోనే ఎత్తుకు వెళ్లాను, అంతే.

ఇక చట్టం సంగతి. 18 ఏళ్లు నిండిన పౌరుడికి ఓటు హక్కు రాజ్యాంగం 326వ అధికరణం ఇచ్చింది. ఎక్కడ నమోదు కావాలో 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పింది: 'సాధారణ నివాసి' అయి ఉండాలి. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన సాధారణ నివాసి కాడు. తాత్కాలికంగా ఇల్లు విడిచి వెళ్లినంత మాత్రాన సాధారణ నివాసి కాకుండా పోడు. రెండూ 20వ సెక్షన్‌లోనే ఉన్నాయి. పేరు తీసేసే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ అంటుంది. జాబితాలో ఒకసారి ఎక్కిన పేరును నోటీసు లేకుండా, విచారణ లేకుండా కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో చెప్పనే చెప్పింది. నాకు నోటీసు రాలేదు. బహుశా నేను వలస వెళ్లిన ఊరికి పంపి ఉంటారు.

కార్యాలయానికి వెళ్లాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు.

"మీరు ఇక్కడే ఉన్నారని రుజువు కావాలి సార్."

"నేను మీ ఎదురుగా కూర్చున్నాను కదా."

"ఇప్పుడున్నారు సార్. ఆ రోజు లేరు."

ఆ రోజు ఎక్కడున్నానో రుజువు చేయడానికి దర్శనం టోకెను, లడ్డూ రసీదు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. అతడు రెండింటినీ వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు.

"ఇది మీరు కొండ మీద ఉన్నారని చెబుతోంది సార్. ఇంట్లో ఉన్నారని చెప్పడం లేదు."

"కొండ కూడా ఈ నియోజకవర్గమే నాయనా."

"అయితే కొండ మీద నమోదు చేయించుకుంటారా?"

లడ్డూ రసీదు తిరిగి జేబులో పెట్టుకున్నాను. ఎందుకైనా మంచిదని.

ఇంటికి వచ్చి కోపం కొద్దీ ఆ 20వ సెక్షన్ మళ్లీ చదివాను. అందులో నా కంట పడని ఉపసెక్షన్ ఒకటి ఉంది. పార్లమెంటు సభ్యుడు గానీ శాసనసభ్యుడు గానీ తన పదవీ బాధ్యతల పని మీద నియోజకవర్గంలో లేకుండా పోయినా, పదవిలో ఉన్నంతకాలం అతడు అక్కడి సాధారణ నివాసి కాకుండా పోడు. మామూలు మనిషికి ఒక పూట తాళం, ఆయనకు ఐదేళ్ల అభయం. ఆయన ఇంటి ముందు నిలబడి పక్కింటాయనను అడగాల్సిన అవసరమే లేదు. అడిగినా పక్కింటాయన ఏమంటాడు? "గెలిచినప్పటి నుంచీ లేరు" అంటాడు.

అంతటితో అయిందా? శాసనసభకు పోటీ చేసేవాడికి రాష్ట్రంలో ఏ మూలనైనా ఓటు ఉంటే చాలు. ఇచ్ఛాపురంలో ఓటున్నవాడు నిన్న సాయంత్రం రైలు దిగి, ఇవాళ తిరుపతిలో నామినేషన్ వేసి, రేపు 'మీ వాడిని, మీ ఇంటి బిడ్డను' అనవచ్చు. లోక్‌సభకైతే దేశంలో ఎక్కడ ఓటున్నా సరే. రాజ్యసభకు ఒకప్పుడు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నియమం ఉండేది. అందుకే మన్మోహన్ సింగ్ వంటి పెద్దమనిషి కూడా గువాహటిలో ఒక అద్దె ఇంటి చిరునామా పెట్టుకుని అస్సాంవాసి కావాల్సి వచ్చింది. ఇంతమంది పెద్దలను అద్దె ఇళ్ల కోసం తిప్పడం బాగాలేదనుకున్నారో ఏమో, 2003లో ఆ నియమాన్నే తీసేశారు. 2006లో సుప్రీంకోర్టు సరేనంది. నా అద్దె ఇంటి రోజుల్లో నాకోసం ఎవరూ చట్టం మార్చలేదు.

ఊళ్లో ఉన్నవాడిని లేడంటున్నారు సరే, లేనివాళ్లను ఉన్నారనడం కూడా ఇక్కడ జరిగిన ముచ్చటే. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక. ఆ రోజు బస్సులు దిగిన జనాన్ని టీవీల్లో చూడనివాళ్లు ఈ ఊళ్లో తక్కువ. ఎందుకు వచ్చారంటే స్వామి దర్శనానికన్నారు. దర్శనానికి వచ్చినవాళ్ల చేతుల్లో ఓటరు చీటీలున్నాయన్నది అప్పటి ఆరోపణ. ఓటరు కార్డులు వేల సంఖ్యలో అక్రమంగా డౌన్‌లోడ్ అయ్యాయన్న వ్యవహారంలో 2024 జనవరిలో ఒక ఐఏఎస్ అధికారి సస్పెండ్ కూడా అయ్యారు. వాళ్లు దర్శనం పేరు చెప్పి ఓటుకు వచ్చారట, నేను దర్శనానికి వెళ్లి ఓటు పోగొట్టుకున్నాను. స్వామి లీలలు ఒక పట్టాన అర్థం కావు.

స్వామి అనగానే గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టక, నాకే లేని సాధారణ నివాసం ఈ నియోజకవర్గంలో ఇంకెవరికి ఉంటుందా అని ఆలోచించాను. ఒక్కరే తట్టారు. ఎన్నో యుగాలుగా చిరునామా మారనివారు, ఎప్పుడు వెళ్లినా నిలబడే కనిపించేవారు. తప్పు కాసుకుంటారన్న ధైర్యంతో చెబుతున్నాను, ఆయన పేరు జాబితాలో చేర్చాలంటే ఏమవుతుందో చూడండి.

ముందు బూత్ అధికారి ఇంటికి వెళ్లి చూడాలి. పగలు వెళితే క్యూలో ఇరవై గంటలు పడుతుంది. చివరికి బంగారు వాకిలి దాటి కులశేఖర పడి దాకా చేరి, దస్త్రం తెరిచి, కలం తీసేలోగా 'జరగండి, జరగండి' అని భుజం పట్టి పక్కకు నెట్టేస్తారు. ఆ అర క్షణంలో ఓటరు ఇంట్లో ఉన్నారో లేరో ఎలా రాసుకోవడం? పోనీ రద్దీ లేనప్పుడు వెళదామని ఏకాంత సేవ అయ్యాక వెళితే తలుపులు వేసి ఉంటాయి. 'పిలిస్తే పలకలేదు' అని రాసుకుని పక్కింటికి వెళతారు. పక్కిల్లు వరాహస్వామిది. అసలు ఆ స్థలమే ఆయనది. శ్రీవారు అందులో అద్దెకున్నట్టే లెక్క, మొదటి పూజ, మొదటి నైవేద్యం ఇంటి యజమానికి అన్నది అద్దె ఒప్పందం. "ఆయన ఎక్కువ కాలం ఇల్లు కదలరా?" అని అధికారి అడిగితే యజమాని అబద్ధం చెప్పరు కదా. "భక్తులు పిలిస్తే ఎప్పుడు ఎక్కడికి వెళతారో మాకే తెలియదు, ఒకసారి ఏనుగు పిలిస్తే ఇంట్లో చెప్పకుండా వెళ్లారు" అంటారు. అయిపోయింది. శాశ్వతంగా వలస.

దాని మీద ఇంకో తిరకాసు. ఇల్లు లేనివాళ్లు ఓటు కోసం దరఖాస్తు చేస్తే వాళ్లు చెప్పిన చోటనే నిద్రపోతున్నారో లేదో చూడటానికి అధికారి రాత్రిపూట వెళ్లి రావాలని ఎన్నికల సంఘం సూచన. మంచి సూచనే. అదే కొలత ఇక్కడ పెడితే? స్వామివారు రోజూ రాత్రి కొండ దిగి తిరుచానూరు అమ్మవారి దగ్గరకు వెళ్లి వస్తారని, నడిచి నడిచి పాదరక్షలు అరిగిపోతాయని మనవాళ్ల నమ్మకం. తిరుచానూరు చంద్రగిరి నియోజకవర్గం. పగటి నివాసం తిరుపతిలో, రాత్రి నివాసం చంద్రగిరిలో. రెండు చోట్లా పేరుంటే 17వ సెక్షన్ ఒప్పుకోదు. ఎవడో ఒకడు అభ్యంతరాల ఫారం 7 నింపి పడేస్తాడు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఆ ఫారాలు లక్షల్లో వచ్చి పడ్డాయి. దేవుడి పేరు మీద ఒకటి రావడం ఏమంత కష్టం?

ఓటు సంగతి ఇలా ఉంటే, పోనీ నామినేషన్ వేస్తారనుకుందాం. పరిశీలన రోజు. పౌరసత్వం మీద మొదటి అభ్యంతరం: అభ్యర్థి స్వస్థలం వైకుంఠం. వకీలు లేచి రాజ్యాంగం 5వ అధికరణం చదువుతాడు: ఇక్కడే స్థిరనివాసం ఏర్పరచుకుని, రాజ్యాంగం అమలుకు ముందు కనీసం ఐదేళ్లు ఇక్కడ నివసించినవారు పౌరులే. ఐదేళ్ల సంగతి ఆయన విషయంలో ఎవరూ అడగలేరు. గట్టెక్కారు. వయసు 25 దాటాలి. దాటింది. ప్రమాణ పత్రంలో ఆదాయ మార్గం: హుండీ. జీవిత భాగస్వామి అన్నచోట గడి చాలక అదనపు కాగితం జతచేశారు. అప్పుల వివరాల గడి దగ్గరకు వచ్చేసరికి గది నిశ్శబ్దమైంది. 'పెళ్లి ఖర్చుల నిమిత్తం కుబేరుడి దగ్గర తీసుకున్నది, వడ్డీ కడుతున్నాను, అసలు కలియుగాంతాన.' సాక్షులు బ్రహ్మ, శివుడు.

ప్రత్యర్థి వకీలు ఎగిరి గంతేశాడు. దివాలా తీసి ఇంకా బయటపడనివాడు అనర్హుడని 191వ అధికరణం చెబుతోంది కదా! మన వకీలు తక్కువ తిన్నాడా? "అయ్యా, అప్పు ఉండటం వేరు, దివాలా వేరు. వడ్డీ ఒక్క పూట తప్పలేదు కాబట్టే ఆయనకు వడ్డీకాసులవాడని పేరు. కానుకలు కొలిచి కొలిచి అలసిపోయిన అన్నగారు గోవిందరాజస్వామి కుంచం తల కింద పెట్టుకుని కింద ఊళ్లో పవళించి ఉన్నారు, కావాలంటే వెళ్లి చూసి రండి." అధికారి ఆ అభ్యంతరాన్ని కొట్టేశాడు. నిజమే, బ్యాంకులకు దాదాపు 9,000 కోట్లు బాకీపడి 2016 మార్చిలో దేశం దాటిపోయిన విజయ్ మాల్యా ఆ రోజుకు రాజ్యసభ సభ్యుడే. దివాలాదారు అని కోర్టు ప్రకటించనంతవరకు అప్పు అనర్హత కాదు. మాల్యాకు వర్తించినది మన స్వామికి వర్తించకపోతే ఎలా?

ఇక గెలుపే అనుకుంటుండగా వెనక బెంచీలోంచి ఒక ముసలి వకీలు లేచాడు. చేతిలో ఒకే ఒక్క కాగితం. ఆస్తి వ్యాజ్యాల్లో గుడిలోని దేవుణ్ణి మన న్యాయస్థానాలు ఒక వ్యక్తిగా గుర్తిస్తాయి. కానీ ఏ వ్యక్తిగా? నిత్య మైనరుగా! ఆయన తరఫున ఇంకొకరు వ్యవహారం నడపాల్సిందే. ఎన్ని బ్రహ్మోత్సవాలు జరిగినా ఆయనకు పద్దెనిమిది నిండవు. ఓటు లేదు. ఓటు లేదు కాబట్టి పోటీ లేదు. తిరస్కరించడమైనది. సంతకం, ముద్ర.

అది విన్నాక నా మనసు కాస్త కుదుటపడింది. ఈ నియోజకవర్గంలో ఓటు లేని పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే కాదు.

మళ్లీ మనుషుల్లోకి వద్దాం. నా పేరు రెండు చోట్ల ఉంటే నేరం. తెలిసి తప్పుడు వాంగ్మూలం ఇచ్చి ఉంటే ఏడాది దాకా జైలు. అభ్యర్థి మాత్రం రెండు చోట్ల నిలబడవచ్చు. అది కూడా 1996లో పరిమితి పెట్టాక రెండు, అంతకు ముందు ఎన్నైనా. 1985లో ఎన్టీ రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటా నిలబడి మూడింటా గెలిచారు, హిందూపురం ఉంచుకున్నారు. ఈ విద్యలో మా ఊరికి ప్రత్యేక అనుభవం ఉంది. 1983లో ఆయన తిరుపతి, గుడివాడ రెండింటా నిలిచి గెలిచారు. నేను కూడా ఓటు వేశాను, ఒక్కటే. 2009లో చిరంజీవి తిరుపతిలో, పాలకొల్లులో నిలబడ్డారు. పాలకొల్లు వాళ్లు వద్దన్నారు, మేము రమ్మన్నాం. 2012లో ఆయన రాజ్యసభకు వెళ్లిపోయారు, మాకు ఉప ఎన్నిక వచ్చింది. గమనించండి, ఆయన వెళ్లినప్పుడు ఎవరూ 'శాశ్వతంగా వలస' అని రాయలేదు. 'రాజీనామా' అని గౌరవంగా రాశారు.

చదువు మాటకొస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. నేను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పట్టభద్రుణ్ణి. శాసనమండలిలో పన్నెండో వంతు స్థానాలు పట్టభద్రులు ఎన్నుకునేవి. ఆ ఓటు కావాలంటే పట్టా పుచ్చుకుని మూడేళ్లు కావాలి. ఆ జాబితాను ప్రతిసారీ కొత్తగా రాస్తారు కాబట్టి ప్రతిసారీ నేను పట్టా బయటకు తీసి, నకలు తీయించి, సంతకం పెట్టించుకుని, నేను ఇంకా బీఏ పాసైనవాణ్ణే అని నిరూపించుకోవాలి. మధ్యలో తప్పిపోయానేమోనని వాళ్ల అనుమానం. సరే, మరి పట్టభద్రుల స్థానంలో పోటీ చేసేవాడు ఏం చదివి ఉండాలి? ఏమీ చదవనక్కర్లేదు. ఇది హాస్యం కాదు, మద్రాసు పట్టభద్రుల నియోజకవర్గం కేసులో సుప్రీంకోర్టు 1972లో తేల్చిన సంగతి. పట్టభద్రుల ప్రతినిధి పట్టభద్రుడై ఉండాలని రాజ్యాంగంలో గానీ చట్టంలో గానీ లేదు. కోర్టు తప్పేం లేదు, రాసినవాళ్లు అలా రాశారు. 2023 మార్చిలో మా ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు పట్టభద్రుల ఎన్నికప్పుడు పట్టా లేనివాళ్లు ఓటర్ల జాబితాలోనూ చేరారన్న ఆరోపణలతో పత్రికలు నిండిపోయాయి. నాకైతే కొంత సమానత్వం కనిపించింది.

పిల్లల సంగతి ఒక్క మాటలో. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ముగ్గురు పిల్లలున్నవాడు వార్డు సభ్యుడు కాలేడు. ఆ చట్టం చేసిన శాసనసభ్యులకు ఎందరున్నా ఫరవాలేదు. ముప్పై ఏళ్లు ఊళ్లో వీధిదీపం వెలిగించడానికి మూడో బిడ్డ అడ్డం వచ్చాడు, రాష్ట్రం నడపడానికి ఐదో బిడ్డ కూడా అడ్డం రాలేదు. 2024 నవంబరులో ఆ నియమం ఎత్తేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఆ ముప్పై ఏళ్లలో పోటీ చేయలేకపోయినవాళ్లకు క్షమాపణ చెప్పారా? ఆ ఊసే లేదు.

ఇంతవరకు నవ్వుతూనే చెప్పాను. ఇక్కడ నావల్ల కాదు.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ అయిదో ఉపసెక్షన్: జైల్లో ఉన్నవాడు ఓటు వేయకూడదు. శిక్ష పడినవాడని కాదు. విచారణ కోసం ఎదురుచూస్తున్నవాడు, చివరికి పోలీసు కస్టడీలో ఉన్నవాడు కూడా. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకు మాత్రమే మినహాయింపు. మన జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్ల నేరం ఇంకా ఎవరూ రుజువు చేయలేదు. జామీనుకు మనిషి దొరకక, ఐదు వేలు పుట్టక లోపల కూర్చున్నవాళ్లు ఎందరో. వాళ్లకు ఓటు లేదు. 2013 జూలై 10న సుప్రీంకోర్టు, ఓటు వేయలేనివాడు పోటీ కూడా చేయలేడు అని చెప్పింది. తర్కం సూటిగా ఉంది. అప్పుడు మన పార్లమెంటు ఏం చేసింది? ఆ ఖైదీలకు ఓటు ఇచ్చిందా? లేదు. అదే ఏడాది చట్టం సవరించి, జైల్లో ఉన్నా పేరు జాబితాలో ఉన్నట్టే కాబట్టి పోటీ చేయవచ్చు అంది. ఆ సవరణ వెనక్కి వెళ్లి, తీర్పు వచ్చిన ఆ జూలై 10 నుంచే అమల్లోకి వచ్చింది. ఒక్క రోజు కూడా నష్టపోకూడదు కదా నాయకులు! 2024లో కశ్మీర్ నాయకుడు ఇంజనీర్ రషీద్ తిహార్ జైలు నుంచే బారాముల్లా లోక్‌సభ స్థానంలో గెలిచారు. ఆయనకు ఆయన ఓటు వేసుకోలేరు, లక్షల మంది మాత్రం వేశారు. ఆయన గెలుపు మీద నాకు కోపం లేదు. పక్క గదిలో ఉన్న, ఏ పార్టీకీ అక్కరకు రాని కూలివాడి మీద ఎవరికీ ధ్యాస లేదని కోపం. ఓటు అడిగేవాడి హక్కు కోసం కొన్ని నెలల్లో చట్టం కదిలింది, ఓటు వేసేవాడి హక్కు కోసం ఇన్ని దశాబ్దాలుగా ఒక్క కామా కదల్లేదు. సిగ్గుండక్కర్లేదా?

జైలు దాకా ఎందుకు. మా పక్కనే చంద్రగిరి. 2019 ఏప్రిల్ 11న పోలింగ్ జరిగింది. దళితులను బూతుల దాకా రానివ్వలేదని, వాళ్ల ఓట్లు ఇంకెవరో వేసుకున్నారని ఫిర్యాదులొచ్చాయి. ముందు అయిదు, తరువాత మరో రెండు, మొత్తం ఏడు కేంద్రాల్లో మే 19న రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా తాము ఓటు వేయడమే ఎరుగమని అప్పుడు కొందరు చెప్పారు. వాళ్ల పేర్లు జాబితాలో లేక కాదు. ఉన్నాయి! ఎవరూ కొట్టేయలేదు, ఎవరూ వలస వెళ్లారని రాయలేదు. ఏ అచ్చు తప్పూ లేకుండా, ప్రతి ఎన్నికకూ, వాళ్ల పేర్ల మీద ఓట్లు పడ్డాయి. నా పేరు పోయిందని ఇంత గొడవ చేస్తున్నాను నేను. పింఛను వస్తుంది, నాలుగు సెక్షన్లు చదువుకోగలను, పత్రికకు రాయగలను. సొంత ఊళ్లో సొంత ఓటు వేయడానికి రాజ్యాంగం వచ్చిన డెబ్బై ఏళ్లకు కూడా పోలీసు పహారా కావాల్సి వచ్చిన మనిషి ఎక్కడ రాసుకోవాలి? ఏ ఫారం నింపాలి? దానికి నంబరుందా? 2025లో బిహార్‌లో ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండా పోతే, కారణాలతో సహా బయట పెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చెబితే తప్ప పెట్టరు. పేరు తీసేసినవాడికి ఎందుకు తీశావో చెప్పడం కూడా కోర్టు నేర్పాల్సిన మర్యాద అయిపోయింది.

సరే. నా సంగతి ముగించాలి.

ఫారం 6 నింపాను. అది కొత్త ఓటర్ల కోసం. 21 ఏళ్లు నిండితేనే ఓటున్న రోజుల్లో, 1980లో మొదటి ఓటు వేసినవాణ్ణి, 18 ఏళ్ల మనవడి పక్కన నిలబడి మళ్లీ కొత్త ఓటరునయ్యాను. పరిశీలనకు ఎప్పుడైనా రావచ్చు అన్నారు. ఆ రోజు నుంచీ ఇల్లు కదలలేదు. పాలకు మా ఆవిడే వెళుతోంది. మదనపల్లె బావమరిది మళ్లీ వస్తానంటే ఈ నెల వద్దన్నాను, స్వామికి కూడా అదే విన్నవించాను. పదకొండు రోజులు వరండాలో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. పన్నెండో రోజు ఉదయం స్నానానికి లేచాను. ఒంటికి సబ్బు పట్టించానో లేదో, గేటు చప్పుడైంది.

వచ్చినామె పాపం అంగన్‌వాడీ కార్యకర్త. పిల్లలకు అన్నం పెట్టే పని మీద ఈ పని కూడా మోస్తోంది.

"సార్ ఉన్నారామ్మా?"

"ఉన్నారమ్మా, స్నానం చేస్తున్నారు."

"ఉన్నాను! ఇక్కడే ఉన్నాను!" అని లోపలి నుంచి అరిచాను.

"గొంతు వినిపిస్తే చాలదు సార్, మనిషి కనిపించాలి. నాకు ఇంకా నలభై ఇళ్లున్నాయి."

తువ్వాలు చుట్టుకుని, నురగతోనే వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాను. ఆమె నా పాత ఓటరు కార్డు తీసుకుని ఫోటో వంక చూసింది. నా వంక చూసింది. మళ్లీ ఫోటో వంక చూసి, "పోలిక అంతగా కుదరడం లేదే అమ్మా" అంది.

"ఈయనే మా ఆయన. ఆ కార్డులో ఉన్నదెవరో నాకూ తెలియదు" అంది మా ఆవిడ.